బెని భయం మెడలో గంట

ఆ ఇంట్లో పొద్దున్నే అందరికంటే ముందు తినేది బెని భయం.

రేగులా చీకటి ఉండగానే లేచి కొట్టంలో ఆవుల పాలు పిండేది. మొదటి బకెట్టు నిండగానే వంటింట్లోకి తెచ్చి, పొయ్యి పక్కనున్న మూకుడులో పోసేది. అది గొంగళి మీంచి లేచి, ఒళ్ళు విరుచుకుని, చప్పుడు కాకుండా తాగేది. బూడిదరంగుది. దూడంత ఉండేది. చెవులు మాత్రం కుందేలు చెవుల్లా పొడుగ్గా ఉండేవి. తాగడం అయ్యాక మూతి రేగులా గౌనుకే తుడుచుకునేది. ఆ తర్వాతే మిగతావాళ్ళకి కాఫీ, రొట్టె, చీజు.

అమ్మ ఎల్స్‌బెత్ లేవగానే అడిగే మొదటి మాట కూడా దాని గురించే.

"తాగిందా?"

"తాగింది."

"మొత్తం తాగిందా, వదిలిందా?"

"మూకుడు కూడా నాకింది. నువ్వు తాగావా అని నన్ను కూడా ఒకసారి అడగొచ్చు కదమ్మా."

"నీకేమే, రాయిలా ఉంటావు" అనేది అమ్మ, దాని చెవుల వెనక గోకుతూ. "నా బంగారం. రాత్రి సరిగ్గా పడుకోలేదు పాపం."

బంగారం అన్నది దాన్ని. రాయి అన్నది రేగులాని.

మా లోయకి రెండు పక్కలా కొండలు గోడ కట్టినట్టు నిటారుగా ఉంటాయి. చలికాలంలో కొన్నాళ్ళు ఎండ కింద దాకా దిగనే దిగదు. రేగులా తమ్ముడు బెని అలాంటి రోజుల్లో పుట్టాడు. వాడి వెనకే కాసేపటికి అది కూడా పుట్టింది. పిల్లికూనంత, తడిగా, వణుకుతూ. మంత్రసాని రెంటినీ తుడిచి, వాణ్ణి ఉయ్యాల్లో వేసి, దాన్ని పొయ్యి దగ్గర పడుకోబెట్టింది. "వీడి భయం బయటే ఉండిపోయిందమ్మా. కొందరికి అంతే. పాలు పట్టండి, బతుకుద్ది" అని చెప్పి, కాఫీ తాగి వెళ్ళిపోయింది. పక్కింటి కారి వచ్చి చూసి, "చలికి కొట్టంలో పడుకోబెట్టకండి, ఒంటి మీద బొచ్చు సరిగా లేదు" అని మాత్రం అన్నాడు.

అమ్మ ఒక్క నియమం పెట్టింది. బెని దాన్ని ముట్టుకోకూడదు. వాడు పాక్కుంటూ దాని వైపు వెళ్తే ఏప్రన్ తీసి దాని మీద కప్పేసేది. వాడు కాస్త పెద్దయ్యాక అదే తప్పుకోవడం నేర్చుకుంది. వాడు ఈ గుమ్మంలోంచి వస్తే అది ఆ గుమ్మంలోంచి పోయేది.

అలా పెరిగిన పిల్లాడు ఎలా ఉంటాడో బెని అలాగే ఉండేవాడు. చర్చి కప్పు మీద నడిచేవాడు. గడ్డకట్టిన జలపాతం ఎక్కేవాడు. కొట్టం పైనుంచి మంచులోకి దూకేవాడు. దూకినప్పుడల్లా అమ్మ కేకపెట్టి, చెప్పులు కూడా వేసుకోకుండా పరిగెత్తేది. అదే కొట్టం పైనుంచి రేగులా గడ్డిమోపు నెత్తిన పెట్టుకుని నిచ్చెన మీద దిగేది. నిచ్చెన మీద దిగేవాళ్ళ కోసం ఎవరూ పరిగెత్తుకు రారు.

ఊళ్ళోవాళ్ళు "ఎల్స్‌బెత్ కొడుక్కి భయమే లేదు" అనేవాళ్ళు.

"ఎందుకు లేదు? నా దగ్గర ఉంది" అనేది అమ్మ. అలా అన్నప్పుడు ఆవిడ మెడ గర్వంతో కొంచెం నిక్కేది.

నాన్న మంచం మీదే దగ్గుతో ఎప్పుడో పోయాడు. ఆవులు, గడ్డి, కొట్టం అన్నీ రేగులా మీద పడ్డాయి. బెని రెక్కల సూటు వేసుకుని కొండల మీంచి దూకేవాడయ్యాడు. మా లోయకి అలాంటివాళ్ళు అన్ని దేశాల నుంచీ వస్తారు. కొండ గోడ అంచున నిలబడి, చేతుల కింద గుడ్డ రెక్కలు సాచి, దూకి, కొండ పక్కనే ఎగురుకుంటూ వచ్చి, ఆఖర్న పారాచూట్ విప్పి మా గడ్డి మడుల్లో దిగుతారు. పొడుగు గడ్డిలో దిగితే కాళ్ళకి చుట్టుకుంటుంది, గడ్డీ పాడవుతుంది. అందుకని వాళ్ళ కోసం ఒక మడి ముందే కోసి ఉంచడం మా దగ్గర అలవాటు. బెని దిగే మడిని కోసేది రేగులానే.

వచ్చినవాళ్ళని కారి పలకరించేవాడు. "ఏం బాబూ, మీది ఎక్కడుంచారు?"

"మా ఆవిడ దగ్గరుంది. బాల్కనీలో పెట్టింది. తొట్టెల్లో మొక్కలన్నీ తినేస్తోందట" అని చెప్పాడు ఒక నార్వే కుర్రాడు.

చూసుకునే మనిషి లేనివాళ్ళ భయాలు ఎక్కడెక్కడో తిరుగుతుండేవి. అలాంటివాళ్ళు మళ్ళీ ఏడాది కనపడేవాళ్ళు కాదు.

బెనికి మాత్రం ఆ ఇబ్బంది లేదు. అంచు మీదకి వెళ్ళగానే ఇంటికి ఫోన్ చేసేవాడు.

"అమ్మా, అదేం చేస్తోంది?"

"పడుకుని నెమరేస్తోందిరా."

"సరే, ఉంటా."

అంతే. దూకేవాడు. ఒక్కోసారి అమ్మ "లేచి నిలబడింది నాన్నా" అనేది. అప్పుడు ఎండ ఎంత బాగున్నా, గాలి లేకపోయినా, వాడు మారు మాట్లాడకుండా సూటు మడిచి సంచిలో పెట్టుకుని రోప్‌వే ఎక్కి కిందికొచ్చేవాడు. కాసేపటికి కొండ మీంచి రాయి దొర్లేది, లేకపోతే గాలి తిరిగేది. అందుకే అన్నేళ్ళు బతికాడు.

ఫోన్ వచ్చిన దగ్గర్నుంచీ, వాడు దిగి మళ్ళీ ఫోన్ చేసేదాకా, అమ్మ దాని వీపు మీంచి చెయ్యి తీసేది కాదు. ఒకసారి రేగులా కొడవలితో వేలు కోసుకుని, నెత్తురు కారుతుంటే వంటింట్లోకి వచ్చింది. అమ్మ ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని, రెండో చేత్తో 'ష్' అన్నట్టు సైగ చేసింది. రేగులా తనే గుడ్డ చింపుకుని, పంటితో ముడి బిగించి కట్టుకుంది. అది పడుకున్న చోటు నుంచే ఆమెని చూసింది. దాని కళ్ళు అచ్చం బెని కళ్ళే. ఆ పూట రేగులా దానికి పాలు సగమే పోసింది.

ఒకరోజు గడ్డి కోస్తూ తమ్ముణ్ణి అడిగింది. "ఎందుకురా దూకుతావు?"

బెని అప్పుడే దిగి, గడ్డి మీద వెల్లకిలా పడుకుని ఉన్నాడు.

"చెప్తే నవ్వుతావు."

"నేను నవ్వడం ఎప్పుడు చూశావ్?"

"నాకు ఏదో తక్కువైనట్టు ఉంటుందక్కా. అన్నం తిన్నా, పిల్లని ముద్దు పెట్టుకున్నా, ఏదో పెట్టిన చోట మర్చిపోయి వచ్చేసినట్టు ఉంటుంది. అంచున నిలబడినప్పుడు మాత్రం అది దగ్గరికి వస్తున్నట్టు అనిపిస్తుంది. ఇంకొంచెం ముందుకి వెళ్తే దొరుకుతుందేమో అనిపిస్తుంది. ఈలోపే కాళ్ళు కింద ఆనేస్తాయి."

"ఇంట్లో పొయ్యి పక్కన ఉందిరా అది."

"అమ్మ ముట్టనివ్వదు కదా" అన్నాడు బెని, మామూలుగా.

రేగులాకి వాడి మీద జాలేసింది. తర్వాత కోపమొచ్చింది. వాడికి తక్కువైనది కూడా ఆమె చేతి పాలే తాగి పెరుగుతోంది మరి.

ఆమెకీ ఒక కోరిక ఉంది. కనుమ అవతల పెద్ద మేత బీడు ఉంది. అక్కడ చీజు చేసే ముసలాయన మానేస్తూ, రెండు మూడుసార్లు ఆమెని రమ్మని కబురు చేశాడు. ఇల్లు, రాగి గుండిగ, సామానంతా ఆమె చేతికే ఇస్తానన్నాడు. రేగులా ప్రతిసారీ కుదరదనే చెప్పింది. తను వెళ్తే దాన్ని ఎవరు మేపుతారు? అమ్మకి మోకాళ్ళు పోయాయి. అది మేత మేయకపోతే పడుకోదు. అది పడుకోకపోతే వాడు దూకడు. వాడు దూకకపోతే ఇంట్లో నవ్వే ఉండదు.

ఆ ఏడాది వేసవికి ముందు అది ఎండుగడ్డి ముట్టడం మానేసింది. పక్కటెముకలు కనపడ్డాయి. పశువుల డాక్టరు వచ్చి, "పైకి తోలండి. పచ్చగడ్డి తింటే కోలుకుంటుంది" అన్నాడు. వేసవి రాగానే మేము ఆవుల్ని గోడ పైనున్న మేతకి తోలుకెళ్తాం, చలి మొదలయ్యేదాకా అక్కడే ఉంటాం. ఈసారి ఆవులతో పాటు బెని భయం కూడా బయలుదేరింది.

ఆ తోలే రోజు మాకు పండగే. ఆవుల కొమ్ములకి పూలు కడతారు, మెడలో గంటలు కడతారు, ఊరంతా రోడ్డు పక్కన నిలబడి చూస్తుంది. ఒక్క పెద్దగంట ఉంటుంది, కుట్టుపని చేసిన తోలుపట్టీతో. ఏడాదిలో ఎక్కువ పాలిచ్చిన ఆవుకే అది కడతారు. ఆ ఆవుని పెంచినవాళ్ళు దానితో పాటు అందరికంటే ముందు నడుస్తారు. రేగులా పెంచిన నెల్కి అనే ఆవు ఆ ఏడాది లోయలోనే ఎక్కువ పాలిచ్చింది. నెల్కి దూడగా ఉన్నప్పుడు జబ్బు చేస్తే రేగులా దాని పక్కనే గడ్డిలో పడుకుంది. ఆ పొద్దున కొత్త గౌను వేసుకుని, జడ గట్టిగా అల్లుకుని, నెల్కి మెడని తడిగుడ్డతో తుడిచి నిలబెట్టింది.

అమ్మ కర్ర పొడుచుకుంటూ గంట పట్టుకొచ్చింది. నెల్కిని దాటి వెళ్ళింది. వంగి, బెని భయం మెడలో కట్టింది.

కారి టోపీ సర్దుకుని, "పాలిచ్చేదానికి కదా ఎల్స్‌బెత్, ఆ గంట?" అన్నాడు.

"ఇదేం తక్కువిచ్చిందా? రోజూ నా కొడుకుని నాకు తిరిగిస్తోంది" అంది అమ్మ. తర్వాత రేగులా వైపు తిరిగి, "పైన అది కదిలితే కింద నాకు వినపడాలి కదే. చిన్నగంటలైతే వినపడవు" అంది.

"వినపడతాయమ్మా. వినేవాళ్ళుంటే" అంది రేగులా.

అందరికంటే ముందు ఆమే నడిచింది. అనుకున్నట్టే జరిగింది. పక్కన నడిచేది మాత్రం నెల్కి కాదు. రోడ్డు పక్కన పిల్లలు "బెనిది, బెనిది!" అని చప్పట్లు కొట్టారు. అది తాడు పట్టుకున్న రేగులా మోకాలికి ఒళ్ళు ఆనించి నడిచింది. దానికి రేగులా అంటే ఇష్టం. అదే ఆమెకి మరీ మండుకొచ్చింది.

పైన రేగులా, కారి కలిసి చీజు చేసేవాళ్ళు. ఒక గది గుడిసె, రాగి గుండిగ, గుమ్మం దగ్గర మాత్రమే ఫోన్‌కి సిగ్నల్. అమ్మ రోజూ చేసేది. "ఎలా ఉంది?" అని అడిగేది. రేగులా ఒకసారి "బాగానే ఉన్నానమ్మా, కొంచెం నడుం నొప్పి" అంది. అవతలి నుంచి అమ్మ, "నేనడిగింది దాన్నే" అంది.

గుడిసెకి కొంత దూరంలో గోడ అంచున ముక్కురాయి ఉంది. గాల్లోకి ముక్కులా పొడుచుకొచ్చిన బండ. అక్కడి నుంచి అప్పటిదాకా ఎవరూ దూకలేదు. బెని చాలా ఏళ్ళుగా దాని మీదే కన్నేశాడు. సినిమా తీసేవాళ్ళు కెమెరాలతో వచ్చారు, నార్వే కుర్రాడూ వచ్చాడు. బెని మొదట దూకాలని మాట.

ఆ మధ్యాహ్నం ఫోన్ మోగింది. "అక్కా, అదేం చేస్తోంది?"

రేగులా గుమ్మంలోంచి చూసింది. అది ఎండలో కాళ్ళు చాపుకుని పడుకుని నెమరేస్తోంది. గంట గడ్డి మీద ఒరిగి, పట్టీ మీది కుట్టుపూలు మెరుస్తున్నాయి. నెల్కి కాస్త దూరంలో చిన్నగంటతో మేస్తోంది.

"నిలబడింది" అంది రేగులా.

"నిజంగానా?"

"వణుకుతోంది కూడా."

బెని గట్టిగా ఊపిరి వదిలాడు. "సరే. దిగిపోతున్నా."

నార్వే కుర్రాడు దూకాడు. పక్షిలా వెళ్ళి హాయిగా దిగాడు. టీవీల్లో, పేపర్లలో వాడి ముఖమే. ఆ రాయికి ఇంక వాడే మొదటివాడు. రేగులా గుండిగ కలుపుతూ, నాలిక మీద తీపి తగిలినట్టు ఒక్క క్షణం హాయిగా ఫీలయింది. తర్వాత అది చేదెక్కింది. అయినా కలపడం ఆపలేదు.

కొన్నాళ్ళకి బెని గుడిసెకి వచ్చాడు. బంగాళదుంపల వేపుడు పెడితే తింటున్నాడు. కారికి ఇవేవీ తెలియవు.

"ఆ రోజు నువ్వెందుకు దూకలేదు బాబూ? అంత మంచి రోజు! నేను దీని పక్కనే కూర్చుని పైపు తాగా. ఎంత హాయిగా పడుకుందనీ, గురక కూడా పెట్టింది."

బెని చెంచా కింద పెట్టాడు. అక్క వైపు చూశాడు.

"అక్కా?"

రేగులా పెనం గీకడం మొదలుపెట్టింది.

"నేను చచ్చిపోతానని భయపడి అన్నావా?"

అవునని అనేస్తే సరిపోయేది. వాడు నమ్మేవాడు, మెచ్చుకునేవాడు కూడా.

"కాదు. ఆ గంట నాది" అంది.

"గంట కోసమా?" బెనికి అర్థం కాలేదు. "గంట కావాలంటే అడగొచ్చుగా. విప్పి ఇచ్చేవాణ్ణి."

"నువ్విస్తే నాకెందుకురా అది?"

వాడు అరిచి ఉంటే బాగుండేది. సంచి భుజానికి తగిలించుకుని, గుమ్మంలో ఆగి, "ఇంక నిన్ను అడగనులే" అన్నాడంతే. కారి పైపు నోట్లో పెట్టుకోవడం మర్చిపోయి, "నేనేమన్నా తప్పు మాట్లాడానా అమ్మాయ్?" అన్నాడు.

వేసవి చివర్లో ఒక ఉదయం. ఆకాశం కడిగినట్టుంది. గడ్డిపోచ కూడా కదలట్లేదు. రేగులా పాలు పిండుతుంటే గంట చప్పుడైంది. ముందు చిన్నగా, తర్వాత ఆగకుండా. వెళ్ళి చూస్తే అది నాలుగు కాళ్ళూ బిగబట్టి నిలబడి ఉంది. చెవులు వెనక్కి పడిపోయాయి. ఒంటి మీది బొచ్చంతా లేచింది. దాని వణుకుకే గంట మోగుతోంది. అది అలా వణకడం ఆమె ఎప్పుడూ చూడలేదు.

ముక్కురాయి వైపు చూసింది. అంచు మీద ఎర్రటి సూటు. బెని ఒక్కడే ఉన్నాడు. కెమెరాల్లేవు, ఎవరూ లేరు. నార్వే కుర్రాడు దూకిన దానికంటే ఇంకా లోపలికి, గోడని ఆనుకుని ఎగరాలని వచ్చాడు.

గుడిసె గుమ్మంలోకి పరిగెత్తి ఫోన్ చేసింది. చాలాసేపటికి ఎత్తాడు.

"నిలబడిందిరా! దూకకు!"

"సరే అక్కా."

"సరే కాదు, నిజం చెప్తున్నా. గంట వినపడట్లేదా నీకు?"

"వినపడుతోంది. తాడు పట్టుకుని నువ్వే ఊపుతున్నావేమో." వాడి గొంతులో కోపం లేదు. "అక్కా, నీకు నేనంటే పడదు. పర్లేదు. నాకెప్పట్నుంచో తెలుసు. ఉంటా." పెట్టేశాడు.

వెంటనే అమ్మ ఫోన్. "ఏమైందే? ఎందుకలా మోగుతోంది? వాడెక్కడ? మాట్లాడవేమే!"

రేగులా ఫోన్ జేబులో వేసుకుంది. లోపల అమ్మ గొంతు గుణుగుతూనే ఉంది.

అప్పుడామెకి ఒక ఆలోచన వచ్చింది. అది రావడం ఆమె ఆపలేకపోయింది. వాడు దూకనీ. నేను చెప్పాల్సింది చెప్పాను. ఇంక అమ్మకి చూసుకోవడానికి నేనొక్కదాన్నే ఉంటాను. పొద్దున లేవగానే నా పేరే పిలుస్తుంది. ఆ ఆలోచనని పట్టుకుని మనసులోనే ఇంటిదాకా వెళ్ళింది, వంటింటి గుమ్మం దాకా. లోపల అమ్మ కూర్చుని ఉంది. పొయ్యి పక్కన అది కూడా ఉంది. అమ్మ చెయ్యి దాని వీపు మీదే ఉంది. వాడు పోయినా అది పోదు. ఇంకో పాతికేళ్ళు అమ్మ దాని చెవులే గోకుతుంది. రేగులా దానికే పాలు పోస్తుంది. చచ్చినా వాడే గెలుస్తాడు.

"నీ బతుకు పాడుగాను" అని రేగులా తాడు విప్పింది.

అది కదల్లేదు. బెని ఉన్న వైపు అది ఎప్పుడూ వెళ్ళి ఎరగదు. లాగితే కూలబడిపోయింది. రేగులా వంగి, జబ్బు చేసిన దూడని ఎత్తుకున్నట్టు నాలుగు కాళ్ళూ కలిపి పట్టుకుని మెడ మీద వేసుకుంది. పరిగెత్తింది. గంట ఆమె రొమ్ము మీద కొట్టుకుంటోంది. ముక్కురాయి దగ్గరయ్యేకొద్దీ అది రాయిలా బరువెక్కింది. మోకాళ్ళు వంగిపోయాయి. ఆఖరి కాస్త దూరం చేతుల మీద పాకింది.

బెని రెక్కలు సాచి ఉన్నాడు. చప్పుడుకి వెనక్కి తిరిగాడు.

"దాన్నెందుకు తెచ్చావ్! అమ్మ చూస్తే చంపేస్తుంది!"

"చంపనీ. నీది నువ్వే చూసుకో. నేనింక మేపలేను" అని దాన్ని వాడి కాళ్ళ ముందు దించి పక్కన కూలబడిపోయింది.

అది పారిపోలేదు. పారిపోవడానికి అక్కడ చోటే లేదు. వాడి వైపు తలెత్తి చూసింది. వాడూ మొదటిసారి దాన్ని దగ్గర్నుంచి చూశాడు.

"ఇంత చిన్నదా?" అన్నాడు మెల్లగా. "అమ్మ ఏప్రన్ కింద ఇంకా పెద్దగా ఉంటుందనుకున్నా."

చేతికున్న తొడుగు తీసి, చెయ్యి చాపాడు. అది వాసన చూసింది. గరుకు నాలికతో వాడి అరచేతిని ఒకసారి నాకింది. అంతే, పట్టీ గడ్డి మీద పడింది. దాని మెడ లేదు, అది లేదు. గంట దొర్లుకుంటూ వెళ్ళి ఒక రాయికి తగిలి ఆగింది.

బెని అంచు వైపు చూశాడు. ఎన్నోసార్లు చూసిన అంచే. ఒక్కసారిగా నేల మీద పడి, రెండు చేతులతో గడ్డి పట్టుకున్నాడు.

"అక్కా, ఇదేంటక్కా... ఎంత లోతుందే! ఇంత లోతుందని నాకెవరూ చెప్పలేదేంటే!"

"అందరికీ తెలుసురా."

"నన్ను పట్టుకో. వదలకు."

ఆమె వాడి నడుం చుట్టూ చెయ్యేసి వెనక్కి లాగింది. ఇద్దరూ గడ్డిలో అలా ఉండగానే కొండ అవతల నుంచి వేడిగాలి దిగింది. ముందస్తు చప్పుడేమీ లేదు. గడ్డంతా ఒక్క వైపు పడుకుంది. ముక్కురాయి కింద నుంచి ఎగురుతున్న కాకులు ఎవరో విసిరినట్టు గోడకేసి కొట్టుకున్నాయి. బెని వాటినే చూశాడు. పళ్ళు టకటకా కొట్టుకుంటుంటే, "దొరికిందక్కా" అన్నాడు. ఏడుస్తున్నాడో నవ్వుతున్నాడో రేగులాకి తెలియలేదు.

కారి ఆవుల్ని చూసుకుంటానన్నాడు. ఇద్దరూ కాలిబాట పట్టి దిగారు. బెని ఒక చెయ్యి కొండకి ఆనించి, ఇంకో చేత్తో అక్క చెయ్యి పట్టుకుని, ఒక్కో అడుగూ చూసుకుంటూ వచ్చాడు. గంట మోత ఆగిపోగానే అమ్మ కర్ర పొడుచుకుంటూ రోడ్డు మీదకి వచ్చేసింది. కొడుకు కనపడగానే వాళ్ళ వెనక్కి చూసింది.

"అదేదే?"

అమ్మ కొడుకు ముఖం రెండు చేతులతో పట్టుకుని చూసింది. ఆ కళ్ళలో దాన్ని గుర్తుపట్టింది.

"నా కొడుకుని ఏం చేశావే?" అంది రేగులాతో.

"తెచ్చాను" అంది రేగులా.

తర్వాత చాలా రోజులు అమ్మ ఆమెతో మాట్లాడలేదు. పొయ్యి పక్కన గొంగళి మడవలేదు. కూర్చున్నప్పుడు ఆవిడ చెయ్యి దానంతటదే పక్కకి వెళ్ళి, ఏమీ లేని చోట నిమిరేది. ఆవిడకి దిగులు. ఊళ్ళో ఎవరూ ఇప్పుడు ఆవిడ కొడుకు గురించి అడగట్లేదు. వాడు పాలు పొంగితే ఉలిక్కిపడతాడు. నిచ్చెన కింద ఎవరైనా పట్టుకుంటేనే ఎక్కుతాడు. అలాంటివాడి గురించి ఏం అడుగుతారు?

ఒక మధ్యాహ్నం ముగ్గురూ బార్లీ సూప్ తాగుతున్నారు. బెని ఆగి, "అమ్మా, ఉప్పెక్కువైంది" అన్నాడు.

"ఎప్పుడూ వేసేంతే వేశానురా."

"మరి ఎప్పుడూ ఎక్కువే అయ్యుంటుంది."

అమ్మ చెంచా కింద పెట్టింది. "ఇన్నాళ్ళూ నీకు నోటికి రుచి తెలియట్లేదని నాకు తెలుసురా" అంది. "తెలిస్తే నువ్వు అందరి పిల్లల్లాగే అయిపోతావని..." మిగతాది మింగేసి, లేచి, రేగులా గిన్నెలో ఇంకో గరిటె పోసింది. "నీకూ ఉప్పెక్కువైందా?"

"ఎక్కువేనమ్మా. చిన్నప్పట్నుంచీ."

"చెప్పలేదేమే?"

"నన్ను అడగలేదు కదా."

ఆ చలికాలం బెని పాలు పిండడం నేర్చుకున్నాడు. మొదట్లో చేతులు వణికేవి. ఆవులకి అలాంటి చేతులే నచ్చుతాయి, మెల్లగా పట్టుకుంటాయి కదా. నెల్కి ఒక్కసారి కూడా తన్నలేదు. వాడి పని చూసి రేగులాకి కొంచెం ఈర్ష్య కూడా కలిగింది. తర్వాత ఒకరోజు, కొట్టంలో తనకింక పనేమీ మిగల్లేదని గమనించింది. కనుమ అవతలి ముసలాయనకి వస్తున్నానని కబురు పెట్టింది.

కనుమ మీద మంచు కరుగుతున్న రోజుల్లో బయలుదేరింది. అమ్మ, బెని ఆఖరి కంచె దాకా వచ్చారు. అక్కడి నుంచి దారి సన్నం, పక్కన లోయ. బెని కంచె గుంజని కౌగిలించుకున్నట్టు పట్టుకున్నాడు.

"ఇంక రాలేనక్కా. కాళ్ళు రావట్లేదు."

"ఎవడు రమ్మన్నాడ్రా నిన్ను?"

"కనుమ దగ్గర ఇంకా మంచుందట. జారుద్దేమో. పక్కకి చూడకు. గోడ వైపే నడువు."

"పుట్టినప్పట్నుంచీ ఈ దారిలోనే కదరా తిరుగుతున్నా."

"అయినా సరే."

వాడి వెనక అమ్మ కర్ర మీద ఒరిగి, "మెడకి ఏమన్నా చుట్టుకుందా అడుగు. పైన చలి" అంది వాడితో. వెళ్తున్నానని చెప్పిన దగ్గర్నుంచీ మళ్ళీ రేగులాతో సూటిగా మాట్లాడట్లేదు. కానీ చూపు మాత్రం రేగులా మెడ మీదే ఉంది.

రేగులా నడక మొదలుపెట్టింది. పైకి రెండు దారులున్నాయి. ఒకటి అడ్డదారి, బండల వెనక నుంచి తొందరగా వెళ్ళిపోవచ్చు. ఇంకోటి మెలికలు తిరిగే దారి, చాలాసేపు పడుతుంది, కంచె దగ్గర నిలబడితే మొత్తం కనపడుతుంది. ఆమె ఎప్పుడూ అడ్డదారినే వెళ్ళే మనిషి. ఈసారి మెలికల దారి పట్టింది.

మొదటి మలుపులో వెనక్కి చూసింది. ఇద్దరూ కళ్ళకి చెయ్యి అడ్డం పెట్టుకుని పైకే చూస్తున్నారు. రెండో మలుపులో చూసింది. అలాగే ఉన్నారు. అమ్మ కర్ర వదిలేసి కంచె పట్టుకుంది. దారి సన్నబడే చోట బెని ఏదో అరిచాడు. మాట వినపడలేదు, కానీ ఆ గొంతు వణకడం తెలిసింది.

ఇంకో మలుపు దాటితే కనుమరుగైపోతుంది. రేగులా అక్కడ ఆగింది. అంచుకి దగ్గరగా, కింది నుంచి బాగా కనపడేలా ఒక రాయి మీద కాలు పెట్టింది. బూటు లేసు ఊడలేదు. అయినా వంగి, విప్పి, మళ్ళీ మెల్లగా కట్టుకోవడం మొదలుపెట్టింది.